ఆఖరి మాట, మూడు గంటలు

ఒక మనిషి కాలు పోగొట్టిన ఘనత నాది. గొడ్డలి పట్టింది లేదు, బండి తోలింది లేదు. కూర్చున్న చోటి నుంచి కదలకుండా, ఒట్టి నోటితో పోగొట్టాను. దీంట్లో నవ్వడానికేముందని ముఖం చిట్లించుకోకండి. ఆ కాలు గల మనిషే మొదట నవ్వాడు. ఆయన నవ్వకపోయుంటే ఈ సంగతి నాతోపాటే కాటికి పోయేది.

పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు. నాకింకా ఇరవై నిండలేదు. కూకట్‌పల్లిలో, బొంబాయి రోడ్డు పక్కన, ఒక బట్టల దుకాణంలో పనిచేసేవాణ్ని. ఇప్పుడక్కడ రోడ్డు దాటాలంటే నా వయసువాడు వీలునామా రాసి బయలుదేరాలి గానీ, అప్పుడు రోడ్డు నడిమధ్య మేకలు పడుకునేవి. అటు మియాపూర్ నుంచి ఇటు పుప్పాలగూడ దాకా ఎవరింట పెళ్లయినా బట్టలు మా దుకాణంలోనే. "మా దుకాణం" అన్నానా? నోటి అలవాటు. దుకాణం సేటుది. మాది అందులో చాకిరీ మాత్రమే.

పనివాళ్లం ఇద్దరం. నేను తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద కూర్చుని చీరలు విప్పి చూపించేవాణ్ని, ధర చెప్పేవాణ్ని. ఎల్లయ్య మామ పొద్దంతా నిచ్చెన మీద నిలబడి పై అరల్లోంచి తాన్లు తీసి అందించేవాడు. ఆయన నాకు చుట్టమేమీ కాదు. ఇద్దరిదీ ఒకటే వాడ, ఆ వరసన మామ.

ధర చెప్పడంలో నన్ను మించినవాడు లేడని ఆ రోజుల్లో నాకు గట్టి నమ్మకం. చీర అసలు ధరకు రెట్టింపు చెప్పాలి. గిరాకీ "అమ్మో, అంతనా!" అంటుంది. నేను నొచ్చుకున్న ముఖం పెట్టాలి. ఆమె లేవబోవాలి. "మీ మొఖం చూసి జర తగ్గిస్తున్ననమ్మా" అనాలి. ఇట్లా దిగుతూ దిగుతూ అసలు ధర దగ్గర ఆగి, "ఇది ఆఖరి మాట, ఇంతకు కిందికైతే నాకు గిట్టదు" అంటే ఇద్దరికీ తృప్తి. మొదటే అసలు ధర చెప్పారా, చచ్చారన్నమాటే. దాన్ని కూడా సగం చేసి అడుగుతారు. లోకం మొత్తం ఈ పద్ధతి మీదే నడుస్తోందని నేననుకున్నాను. పరుపు దిగి లోకాన్ని చూసింది లేదు కదా!

ఇక అసలు గోడు. దీపాలు పెట్టే వేళకు సేటు దుకాణం తలుపు మూసేవాడు. గిరాకీ పోయేది గానీ పని పోయేది కాదు. పగలంతా విప్పిన చీరలను మళ్లీ మడతలు వెయ్యాలి, తాన్లు చుట్టాలి, అన్నీ పై అరలకు ఎక్కించాలి. కందిలి వెలుతురులో మూడు గంటల పని. దానికి కూలి లేదు. అడిగితే సేటు ఎంతో శాంతంగా చెప్పేవాడు:

"తలుపు మూసినంక చేసేది పనెట్లయితదిరా నర్సిగా? అది సదురుకునుడు. మీ ఇంట్ల మీరు సదురుకుంటే ఎవడన్న పైసలిస్తడా?"

ఆ సర్దుకోవడంలోనే మామ కాలు పాడైంది. ఏళ్ల తరబడి నిలబడి నిలబడి మోకాలి కింద నరాలు ఉబ్బి, చీలమండ పైన ఒక పుండు లేచింది. గుడ్డ కట్టుకుని నిచ్చెన ఎక్కేవాడు. సాయంత్రానికి ఆ గుడ్డ తడిసేది. ఆకుపసరు కట్టే వైద్యుడు, "రెండు నెలలు కాలు ఎత్తిపెట్టి కూసో ఎల్లయ్యా, దానంతటదే మానుతది" అన్నాడు.

"నేను కూసుంటే పొయ్యి మీది కుండ గూడ కూసుంటది గద" అన్నాడు మామ.

అప్పుడు మా బావ ఒక దారి చెప్పాడు. బావంటే మా అక్క మొగుడు, పట్నంలో బట్టల మిల్లులో పనిచేసేవాడు. కొత్త సర్కారు వచ్చాక పట్నంలో ఒక లేబర్ ఆఫీసరు కూర్చుంటున్నాడనీ, సేటునూ పనివాళ్లనూ ఎదురెదురుగా నిలబెట్టి విని, గడిచిన ఏడాదికి రావలసిన కూలి ఇప్పిస్తున్నాడనీ, వాళ్ల మిల్లులో కొందరికి అట్లాగే వచ్చిందనీ చెప్పాడు. మామ ముఖం ఎన్నాళ్లకో వెలిగింది.

"ఏడాది పైసలు వస్తె రెండు నెలలు కూసోవచ్చు గదనే?" అన్నాడు.

"బరాబర్ కూసుంటవు. గని జర ఇనుండ్రి" అన్నాడు బావ. "తలుపు ఎన్నింటికి మూస్తరు, మీరు ఇంటికి ఎన్నింటికి పోతరు, గంతే చెప్పాలె. ఎక్కువ చెప్పొద్దు, తక్కువ చెప్పొద్దు. ఇద్దరిదీ ఒకటే మాట ఉండాలె. ఎదురుంగ చాయ్ హోటలాయన మిమ్ముల రోజూ చూస్తడు గద, ఆయనను తోలుకపోండ్రి."

బావ అర్జీ కూడా రాయించి పెట్టాడు. తలుపు మూశాక చేయించుకున్న పనికి కూలి ఇప్పించమని. ఎన్ని గంటలన్నది ఆఫీసరు ముందు మేమే చెప్పాలి. ఇంత చక్కగా నడుస్తున్న పనిలోకి నా తెలివి అడుగుపెట్టింది.

"మామా, బావ మగ్గం దగ్గర ఉండేటోడు. నువ్వు నిచ్చెన మీదుండేటోడివి. బేరం సంగతి మీకేం ఎరుక?" అన్నాను. "మూడు గంటలని చెప్తే ఆఫీసరు ఒకటిన్నర చేస్తడు. ఆరు చెప్పాలె. ఆరు చెప్తే మూడు కాడ తెగుతది."

"బావ వద్దన్నడు గదరా అల్లుడా?"

"నీకు ఫికర్ వద్దు. నువ్వు నోరు తెరవకు, నేను మాట్లాడుత."

చాయ్ హోటలాయనను పిలవలేదు. ఎందుకు పిలవలేదో తెలుసా? ఆయన అమాయకుడు, మూడు గంటలని నిజం చెప్పేస్తాడని! నా కేసును నిలబెట్టగలిగిన ఒకే ఒక్క మనిషిని నేనే చాయ్ కాచుకోమని వదిలేసి వెళ్లాను. మామ మటుకు నన్ను నమ్మాడు. రోజూ నేను బేరం గెలవడం నిచ్చెన మీద నుంచి చూసినవాడు కదా.

లేబర్ ఆఫీసరు మద్రాసు వైపు నుంచి వచ్చినాయన. బక్కపలచటి మనిషి, కళ్లజోడు. ఒక పక్క సేటు, వంగి నిలబడి, చెమట తుడుచుకుంటూ. ఇంకో పక్క మేమిద్దరం. మామ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆఫీసరు ఆయన కాలి కట్టు చూసి, "నువ్వు కూర్చోవయ్యా పెద్దాయనా" అని బల్ల చూపించాడు. చూడండి, ఎంత మంచివాడో. అటువంటివాడి దగ్గర కూడా గెలవలేకపోవాలంటే నాలాంటి ప్రతిభ కావాలి.

"తలుపులు మూశాక పని చేయించుకుంటున్నారా మీరు?" అని సేటును అడిగాడు.

"ఒక్క అరగంట సార్. ఆడుకుంట పాడుకుంట చేస్తరు" అన్నాడు సేటు.

నాకు మహా సంతోషం వేసింది. సేటు కింది నుంచి మొదలుపెట్టాడు, నేను పై నుంచి రావాలి! ఇది నాకు తెలిసిన ఆటే.

"నువ్వు చెప్పవయ్యా. ఎంతసేపు?"

"ఆరు గంటలు సార్!"

ఆఫీసరు కలం ఆగింది. "ఆరు గంటలా?"

ఆ మాట నాకెట్లా వినిపించిందంటారు? అచ్చం "అమ్మో, అంతనా!" లాగే వినిపించింది. వెంటనే నొచ్చుకున్న ముఖం పెట్టాను.

"అంటే అర్ధరాత్రి దాటాక ఇంటికి పోతున్నారన్నమాట. ఊళ్లలో గస్తీ తిరుగుతోంది కదా, మిమ్మల్ని ఎవరూ ఆపలేదా?"

గస్తీ సంగతి నేను ఆలోచించలేదు. గిరాకీ అట్లా ఇరికించినప్పుడు ఏం చెయ్యాలో మాత్రం నాకు బాగా తెలుసు.

"సరే సార్, మీ మొఖం చూసి అయిదు చేసుకోండ్రి."

"నా మొహం చూసి ఏమిటయ్యా?"

"పోనీ నాలుగున్నర."

ఆఫీసరు కళ్లజోడు తీసి ముందున్న మేజా మీద పెట్టాడు. బల్ల మీద కూర్చున్న మామ నా చొక్కా కొసను పట్టి గుంజాడు. బేరం మధ్యలో పక్కవాళ్లు గుంజితే ఆగకూడదన్నది మా దుకాణం నియమం.

"నిన్ను అడిగింది నిజంగా ఎంతసేపు పని చేశావని. తమాషాగా ఉందా నీకు?"

గిరాకీ లేచిపోతోందని నాకు అర్థమైంది. చెయ్యి గుండె మీద పెట్టుకున్నాను.

"ఆఖరి మాట సార్, మూడు గంటలు. అంతకు కిందికైతే నాకే గిట్టదు!"

మూడు గంటలన్నది నిజం. దేవుడి సాక్షిగా నిజం. కానీ ఆరు నుంచి మెట్లు దిగి వచ్చిన మూడును ఎవరు నమ్ముతారు చెప్పండి? ఆఫీసరు మామ వైపు తిరిగి, "నువ్వు చెప్పు పెద్దాయనా, ఎంతసేపు?" అని నెమ్మదిగా అడిగాడు.

"మూడు గంటలే సార్. మొదటి నుంచి మూడే" అన్నాడు మామ.

"అతను ఎక్కడ ఆగాడో నువ్వూ అక్కడే ఆగావు" అన్నాడు ఆఫీసరు. ఆయన గొంతులో కోపం కూడా లేదు. "మిమ్మల్ని చూసిన సాక్షి ఎవరైనా ఉన్నారా?"

మామ నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. అర్జీ కొట్టేశారు.

బయట మెట్ల మీద సేటు నన్ను ఆపి, నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ ఉన్నట్టే ఉంటుంది.

"అరె నర్సిగా, ఆఫీసరంటే నాకు పొద్దుగాల నుంచి పరేషాన్. రెండు గంటల కూలి కాడ రాజీ పడదామని పైసలు జేబుల పెట్టుకుని వచ్చిన. నువ్వు ముందుగాల మూడన్నా గూడ ఇచ్చేస్తుంటి" అని పగలబడి నవ్వాడు. నవ్వు ఆపుకుని, "సర్కారోనితోని గూడ బేరం చేసినవు చూడు! గసువంటోడు నాకు కావాలె. రేపు టైముకు రా. ఎల్లయ్యా, నువ్వు మాత్రం ఇగ రాకు" అన్నాడు.

నేను మరునాడు టైముకు వెళ్లాను. అవును, వెళ్లాను. ఇంట్లో అమ్మ, ఇద్దరు చెల్లెళ్లు ఉన్నారన్నది నిజమే గానీ, ఆ నిజం చెప్పుకుంటే సిగ్గు తగ్గదు. నిచ్చెన మీద కొత్తవాడు నిలబడ్డాడు.

మామ ఒక బియ్యం గిర్నీలో పనికి కుదిరాడు. అక్కడా నిలబడే పనే. ఎండాకాలం వచ్చేసరికి కాలు నల్లబడి, జ్వరం పట్టుకుంది. ఒకరోజు ఆయన పెళ్లాం పరుగున వచ్చి చెబితే, బండి కట్టించుకుని నేనే పట్నం దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు కట్టు విప్పి చూసి, పెదవి విరిచి, కాగితం అందుకున్నాడు.

"ఏం పని చేస్తుంటివి? రోజుకు ఎన్ని గంటలు నిలబడుతుంటివి?"

నేను నోరు తెరిచాను. మామ, లేవలేని మనిషి, చటుక్కున చెయ్యి చాపి నా నోరు మూశాడు.

"నువ్వు ఊకో అల్లుడా. ఈసారి నేను చెప్త" అని డాక్టరు వైపు తిరిగాడు. "బట్టల దుకాణంల సార్. పొద్దుగాల తలుపు తెరిచిన కాడి నుంచి రాత్రి మడతలు పెట్టేదాక. పధ్నాలుగు గంటలు."

డాక్టరు నవ్వాడు. "పధ్నాలుగు గంటలు ఎవడన్న నిలబడతడా? మీరంతా ఇంతే, ఒకటికి రెండు చెప్తరు. ఏడు రాస్తున్న."

రాసేశాడు.

మామ నా నోటి మీది చెయ్యి తీశాడు. నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత అన్నాడు:

"నీదే కరెక్టురా అల్లుడా. ఇరవై ఎనిమిదని చెప్పాల్సుండె."

అని నవ్వడం మొదలుపెట్టాడు. జ్వరంతో వణుకుతూ నవ్వాడు. నాకూ ఆగలేదు. ఏడుస్తూనే నవ్వాను. డాక్టరు మమ్మల్ని ఇద్దర్నీ చూసి, పిచ్చాసుపత్రి పక్క వీధిలో ఉందన్నాడు. ఆ మరునాడే మామ కాలు మోకాలి దాకా తీసేశారు. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్లూ గుమ్మం పక్కన కూర్చునే ఉన్నాడు. రెండు నెలలు కూర్చోవాలని అడిగిన మనిషి, పదేళ్లు కూర్చున్నాడు.

కాబట్టి బుద్ధిమంతులారా, మామ కాలి మీద ఒట్టేసి చెబుతున్నాను. పోయిన కాలి మీదే. ఈ జన్మలో ఎవరు ఎన్ని గంటలు పని చేశావని అడిగినా, చేసినన్ని గంటలే చెబుతాను. మొదటి మాటే చెబుతాను. చూసినవాణ్ని వెంట తీసుకునే వెళతాను. ఈ ఒట్టు ఏక్ దామ్, ఒకటే ధర. అడిగి చూడకండి, దీంట్లో తగ్గించేది లేదు.