చలి పారే సందు

పెరీనా ఒకసారి చేతిలోకి తీసుకున్న రాయిని మళ్లీ నేల మీద పెట్టదు. తిప్పి చూస్తుంది. బొటనవేలితో అంచు తడుముతుంది. గోడలో దానికి చోటు దొరికేదాకా నడుముకు ఆనించుకుని తిరుగుతూనే ఉంటుంది. సున్నం లేకుండా గోడ కట్టేవాళ్లు మా దీవిలో ఇంకా కొందరున్నారు. అలా తిరిగేది ఆమె ఒక్కతే.

మా వాలు మీద ద్రాక్ష ఎక్కడైనా పండుతుంది. నిమ్మ ఒక్క మూలలోనే పండేది. ఆ మూల పెరీనాది. దానికి ఈశాన్యపు గట్టు మీద సైప్రస్ చెట్ల వరుస ఉండేది. శీతాకాలంలో సముద్రం అవతలి కొండల నుంచి దూకే బూరా గాలి ఆ చెట్లకు తగిలి విరిగిపోయేది. ఆ చాటున ఆమె మగడు నిమ్మచెట్లు పెంచాడు. అతను పోయాక ఆమెకు మిగిలినవి అవే.

గట్టు మాత్రం మరిది లోవ్రెది. పడవల కొట్టానికి దూలాలు కావాలని అతను గొడ్డలి పట్టుకొచ్చాడు.

"కొట్టకురా లోవ్రె. నా నిమ్మచెట్లు చస్తాయి."

"నా నేల, నా చెట్లు వదినా. గాలి నాది కాదు. కావాలంటే వెళ్లి దాన్నే బతిమాలుకో."

వరుసంతా కొట్టేశాడు. రేవులో జనం ఆ మాట చెప్పుకుని నవ్వారు.

జనవరిలో బూరా వచ్చింది. ఉప్పునీటి తుంపరతో కలిసి అడ్డం లేకుండా వీచింది. ఆకులు నల్లబడ్డాయి. ఎండలు ముదిరేసరికి బెరడు చీలింది. పెరీనా ఆ ఎండిన నిమ్మచెట్లు నరికి, ఆ కట్టెల మీదే చేపలు కాల్చి, లోవ్రెను భోజనానికి పిలిచింది. అతను వచ్చి తిన్నాడు.

"చేప భలే ఉంది వదినా!"

"కట్టె మంచిది," అంది.

లోవ్రె బాదం తోట ఆమె మూలకు సరిగ్గా ఎగువన ఉంది. అతని ఇల్లు గడిచేది ఆ బాదం మీదే. రెండింటి మధ్య గోడ పెరీనాది. అందులో ఒకచోట బారెడు మేర ఎప్పుడో కూలిపోయింది. దాన్ని మామగారు ఏనాడూ కట్టనివ్వలేదు. చలి కూడా నీళ్లలాగే పల్లానికి పారుతుంది, దానికీ ఒక దారి వదలాలి అనేవాడు. లోవ్రె కుర్రతనంలోనే ఓడలెక్కి వెళ్లాడు, ముసలాయన పోయాకే తిరిగొచ్చాడు. ఆ మాట విన్నది కోడలు.

ఆ శరదృతువులో ఆమె సందు పూడ్చడం మొదలుపెట్టింది.

"మేకలు దూరుతున్నాయా?" అన్నాడు లోవ్రె పైనుంచి.

"ఆఁ."

"ఇన్నాళ్లకు బుద్ధొచ్చింది నీకు. ఉండు, రాళ్లు నేనందిస్తా."

"ఆ పెద్దది ఇవ్వు."

అతను ఎత్తి ఇచ్చాడు. సాయంత్రం ఒక సీసా ద్రాక్షసారా కూడా తెచ్చిచ్చాడు.

ఫిబ్రవరిలో బాదం పూసింది. తోటంతా తెల్లగా ఉంది. బూరా వీచినన్నాళ్లూ పువ్వులకు ఏమీ కాలేదు. తర్వాత గాలి ఆగిపోయింది. మబ్బు లేదు, ఆకు కదల్లేదు. కొండ మీది చలి నెమ్మదిగా దిగివచ్చి, గోడ దగ్గర ఆగి, తోటలో నిండింది. తెల్లారేసరికి పూత గోధుమరంగుకు తిరిగింది.

లోవ్రె తోటలో చాలాసేపు నిలబడ్డాడు. సందు ఉండిన చోట నేల మీద చెయ్యి పెట్టి చూశాడు. తర్వాత పెరీనా ఇంటికి వచ్చాడు. ఆమె గుమ్మంలో కూర్చుని శనగలు ఏరుతోంది.

"ఆ సందు తెరువు వదినా."

"నా నేల, నా రాళ్లు."

"తెలిసే కట్టావన్నమాట."

"నేనొక్కదాన్నే కట్టానా? నువ్వూ చెయ్యేశావుగా."

అతను పక్కనున్న అరుగు మీద కూలబడ్డాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"చెట్టుకు చెట్టు సరిపోయిందిలే. ఇంక చాలు వదినా."

పెరీనా ఒక పుచ్చు గింజను పారేసింది.

"ఏదో, దేవుడున్నాడు," అన్నాడతను లేస్తూ. "పై కొమ్మల పూత నిలిచింది. గోడ ఎత్తు వరకే మాడింది."

ఆమె తలెత్తింది.

"గోడ ఎత్తు వరకేనా?"

లోవ్రె టోపీ పెట్టుకుని, ఆమె ముఖం చూడకుండా వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే పెరీనా కాఫీ తాగి, అరచేతులకు గుడ్డ చుట్టుకుని వెళ్లి, గోడ మీద ఇంకో వరుస మొదలుపెట్టింది.