మబ్బుల దొర రెండో పుస్తకమూ నా నిర్వాకమూ

రండి, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి, దాని మోతలో నా మాట కొట్టుకుపోతుంది. నా నోటి పుణ్యమా అని ఒక కాపురం ఇంచుమించు మునిగిపోయిన సంగతి చెబుతాను. నా కాపురం కాదు లెండి. నాదే అయితే ఇంత నవ్వుతూ చెబుతానా?

నాలుగేళ్ళ కిందటి మాట. అప్పట్లో నాకంటే తెలివైనది నూజివీడు చుట్టుపక్కల ఎక్కడా లేదని నాకు గట్టి నమ్మకం. చదివింది మూడో తరగతి. బస్సు బోర్డు మీద అక్షరాలు కూడబలుక్కునేలోపు బస్సు వెళ్ళిపోతుంది. కానీ చెవిన పడ్డ మాట ఒక్కటి కూడా నా దగ్గర నుంచి తప్పించుకుపోలేదు. పాతికేళ్ళ కిందట ఎవరి పెళ్ళిలో ఏ కూరలో ఉప్పు తగ్గిందో ఇప్పటికీ చెప్పగలను. అడక్కపోయినా చెబుతాను, అదీ నా జబ్బు.

మా ఊళ్ళో ఆడవాళ్ళం ఆరుగురం పుస్తకాల సంఘం పెట్టుకున్నాం. పెట్టుకున్నాం అనడం అన్యాయం, విమల పెట్టింది. అంగన్‌వాడీ టీచరు. ఆ పిల్ల చదువుతుంటే పీచు లేని బంగినపల్లి ముక్క గొంతులోకి జారినట్టే ఉంటుంది. పుస్తకం ఒక్కటే. చదవడం వచ్చినవాళ్ళు దాన్ని ఒకరి తర్వాత ఒకరు తీసుకుని చదువుకునేవాళ్ళు. నాలాంటి వాళ్ళ కోసం విమల రోజుకో భాగం పైకి చదివి, రికార్డు చేసి, ఫోన్ గ్రూపులో పెట్టేది. పొయ్యి మీద వంట అవుతుంటే చదివేదేమో, మధ్యలో కుక్కర్ కూత వినిపించేది. దొరగారి కోటలో కుక్కర్ ఏమిటని మేమెవ్వరం అడగలేదు. అంత బాగా చదివేది మరి!

ఆ వేసవిలో చదివింది మబ్బుల దొర కథ. మబ్బుల మీద కోట కట్టుకున్న దొర, ఏట్లో పడవ నడిపే చిత్ర అనే పిల్ల. ఇద్దరికీ ప్రేమ. మొదటి పుస్తకం చివర్లో ఆ పిల్ల ప్రాణం కాపాడటానికి దొర మరుపునీళ్ళు తాగేస్తాడు. తాగితే ఆమెనే మరిచిపోతాడు! అక్కడ ఆపేశారండీ పుస్తకం. మేం ఆరుగురం రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. రెండో పుస్తకం వచ్చేదాకా మా ఇళ్ళల్లో కూరలన్నీ మాడాయి.

సరిగ్గా రెండో పుస్తకం మొదలయ్యే వేళకి మా పక్కింటి ఆడపడుచు రత్నం, ఆగిరిపల్లి నుంచి అలిగి పుట్టింటికి వచ్చింది. కారణం ఒక చెట్టు. పెళ్ళైన కొత్తలో తన చేత్తో పెరట్లో నాటుకున్న చిన్న రసం మామిడి చెట్టు. మొగుడు సత్యం తోట కౌలుకిస్తూ, ఆ చెట్టునీ అందులో కలిపేశాడు, ఈవిణ్ణి ఒక్క మాట అడక్కుండా.

"కాయలు పోయినందుక్కాదు కాంతమ్మక్కా, అడగనందుకు" అంది. వచ్చిన రోజే ఫోన్ ఆపేసి బీరువాలో పడేసింది. సత్యం చేసేవాడు, బీరువా వినేది కాదు.

నేను ఓదార్పుగా మొదటి పుస్తకం కథంతా చెప్పాను. రత్నం కళ్ళు తుడుచుకుని, "దొరకి ఆ పిల్ల మళ్ళీ గుర్తొస్తుందా?" అంది.

"రెండో పుస్తకంలో తేలుతుంది."

"గుర్తొస్తే నేనూ మా ఇంటికి పోతా. గుర్తురాలేదా, ఇక్కడే ఉంటా."

నాకు అర్థమైంది. వెళ్ళాలనే ఉంది, తగ్గడానికి ఒక సాకు కావాలి. ఎంత పౌరుషం గల మనిషో! తన మాట తనే తప్పకూడదని ఆ బరువు మబ్బుల దొర నెత్తిన పెట్టింది. ఫోన్ బీరువాలో ఉంది కాబట్టి, కథ మోసుకొచ్చే పని నాది.

అది కాయ కోతల కాలం. నేను తోటలో షెడ్డు దగ్గర కాయలు ఏరి ట్రేల్లో సర్దే పనికి వెళ్ళేదాన్ని. చేతుల నిండా మామిడి సొన, ఫోన్ ముట్టుకోవడానికి లేదు. పన్నెండు భాగాలూ గ్రూపులో పేరుకుపోయాయి. ఆఖరికి శనివారం పొద్దున చేతులు కడుక్కుని, చెవిలో ఇయర్‌ఫోన్ దోపుకుని, అన్నీ ఒక్క రోజులో వినేద్దామని షెడ్డులోనే ట్రే ముందేసుకుని కూర్చున్నాను. గ్రూపు తెరిస్తే ముందు కంటికి ఏది కనపడిందో అది నొక్కాను. అది అయ్యాక చెయ్యి తుడుచుకుని దాని పైది. ఆ తర్వాత దాని పైది.

కాసుకోండి, ఇక్కడే ఉంది నా ఘనకార్యం!

విమల మొదట్లోనే "భాగం పన్నెండు" అంది. తర్వాతి దాంట్లో "భాగం పదకొండు" అంది. మా షెడ్డులో లారీకి ఎత్తేటప్పుడు మేస్త్రి అరుస్తాడు చూడండి, "పన్నెండు... పదకొండు..." అని? ఇంకా ఎన్ని వరసలు మిగిలాయో చెప్పడం అది. ఇదీ అంతేననుకున్నా. ఇంకా ఎన్ని భాగాలున్నాయో చెబుతోంది, ఎంత బాధ్యత గల పిల్ల అని మెచ్చుకున్నాను కూడా.

మొదట విన్నదాంట్లోనే దొరా, చిత్రా ఒకే కంచంలో తింటున్నారు. ఆహా, వస్తూనే విందు భోజనం! తర్వాత యుద్ధం. రెక్కల గుర్రం చచ్చిపోయింది. ఇంకో రెండు భాగాలు గడిచాయో లేదో, చచ్చిన గుర్రం లేచి గుగ్గిళ్ళు తింటోంది! నేను ట్రే వదిలేసి చప్పట్లు కొట్టాను.

"ఏంటి పిన్నీ, ఏమైంది?" అన్నాడు మేస్త్రి.

"గుర్రం బతికిందయ్యా!"

అతను నా వంక చూసి, నన్ను నీడలోకి జరిగి కూర్చోమన్నాడు.

కాలిన కోట మళ్ళీ కొత్తగా మెరుస్తోంది. గాయం మానాక కత్తి తగులుతోంది. మాయల కథ కదా, ఎంత గొప్పగా రాశారో అని మురిసిపోయాను. ఆఖరికి "భాగం ఒకటి" వచ్చింది. చిత్ర కోట వాకిట్లో నిలబడింది. దొర తలుపు తీసి, "ఎవరమ్మాయ్ నువ్వు? నా వాకిట్లో ఏం పని?" అన్నాడు. అంతే. అయిపోయింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి రత్నం అరుగు మీద కూర్చునుంది, పక్కన సర్దిన సంచీ.

"విన్నావా అక్కా? గుర్తొచ్చిందా?"

అబద్ధం చెప్పి ఉండాల్సింది. కానీ నా జ్ఞాపకశక్తికి మచ్చ రాకూడదు కదా! విందు భోజనం దగ్గర నుంచి "ఎవరమ్మాయ్ నువ్వు" దాకా ఒక్క మాట పొల్లు పోకుండా చెప్పాను. గొంతు మార్చి మరీ చెప్పాను.

"కలిసి తిన్నవాడు, చివరికి ఎవరని అడిగాడా?" అంది రత్నం.

"అడిగాడే తల్లీ."

రత్నం సంచీ తీసుకుని లోపలికి వెళ్ళి, చీరలు ఒక్కొక్కటే తీసి మళ్ళీ దండెం మీద వేసింది.

మర్నాడు ఆదివారం, విమల వాళ్ళ వరండాలో సంఘం కూడింది. రత్నాన్ని నేనే బతిమాలి తీసుకెళ్ళాను. విమల అడిగింది: "ముగింపు ఎలా ఉందండీ?"

విస్సన్నపేట నుంచి మా ఊరి కోడలుగా వచ్చిన నాగమణి, పైట చెంగుతో కళ్ళొత్తుకుంటూ, "ఎంత హాయిగా ఉందో!" అంది.

నేను లేచి నిలబడ్డాను. "హాయా? నీకు గుండె ఉందా నాగమణీ? ప్రేమించినవాడు 'ఎవరమ్మాయ్ నువ్వు' అంటే హాయా?"

"అది మొదట్లో కదా వదినా?"

"మొదట్లో కలిసి భోజనం చేశారు! నాకు చెప్తావా?"

విమల నన్ను అదోలా చూసింది. "పిన్నీ, గుర్రం ఎప్పుడు చచ్చింది?"

"ముందు చచ్చింది. తర్వాత బతికింది."

"ఫోన్లో పై నుంచి కిందికి విన్నావా, కింద నుంచి పైకి విన్నావా?"

"కింద నుంచి పైకే" అన్నాను. ఆ తర్వాత నాగమణి నవ్వుకి గోడ మీది పిల్లి పక్కింట్లోకి దూకింది. విమల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని ఊగిపోతోంది. నేను మాత్రం ముఖం సొన తగిలినట్టు మండిపోతుంటే నిలబడే ఉన్నాను.

నవ్వనిది రత్నం ఒక్కతే.

"అసలు చివరికి ఏమైందో ఎవరైనా సరిగ్గా చెబుతారా?" అంది.

విమల నవ్వు ఆపేసింది. ఇందుకే ఆ పిల్లంటే నాకు అంత గౌరవం. పుస్తకం తెరిచి, పన్నెండో భాగం మొత్తం రత్నం వైపు తిరిగి చదివింది. దొరకి అన్నీ గుర్తొచ్చాయి. ఒకే కంచంలో తిన్నారు.

"అతనికి ఎలా గుర్తొచ్చింది?" అంది రత్నం.

"ఆ పిల్ల రోజూ ఎదురుగా కూర్చుని చెప్పింది. మంచివీ చెప్పింది, పోట్లాడుకున్నవీ చెప్పింది."

రత్నం లేచింది. "అయితే తిట్టాలన్నా ఎదురుగా ఉండాలన్నమాట. పన్నెండు రోజుల నుంచి మా అన్నయ్య ఇంటి గోడల్ని తిడుతున్నా, ఏం లాభం? నాగమణీ, బండి తియ్యి."

పావుగంటలో సంచీ, రత్నం, నాగమణి స్కూటీ మీద ఆగిరిపల్లి దారిలో ఉన్నారు.

మర్నాడు రత్నం ఫోన్ చేసింది.

"ఏమైందే? తిట్టావా?" అన్నాను.

"వెళ్ళగానే అన్నం పెట్టాడక్కా. తిన్నాం. నవ్వుకున్నాం. ఆ తర్వాత కూర్చోబెట్టి గంటసేపు తిట్టా. అంతా విని, చెట్టు కౌలులోంచి తీసేయించి పది రోజులైంది, చెబుదామంటే నువ్వు ఫోన్ ఎత్తవుగా అన్నాడు."

"అయ్యో!"

"మా కథా నువ్వు విన్న వరసలోనే నడిచిందక్కా. ముందు కలిసిపోయాం, తర్వాత పోట్లాడుకున్నాం, చివరికి చూస్తే అసలు గొడవే లేదు!"

ఆ రోజు ఒట్టు పెట్టుకున్నాను, ఎదురుగా ఉన్న మామిడికాయల గుట్ట మీద చెయ్యి వేసి మరీ: ఈ కాంతమ్మ బతికుండగా ఏ కథా తోక దగ్గర నుంచి వినదు. విన్నా, ఎవరికీ చెప్పదు. చెప్పినా, ముందు విమలని అడిగి చెబుతుంది.

ఇంతసేపు ఓపిగ్గా విన్నారు, చల్లగా ఉండండి. మీ ఇంట్లో అలిగినవాళ్ళు అన్నం వేళకి తిరిగి రావాలి, వచ్చేసరికి గిన్నెలో కూర మిగిలి ఉండాలి.