బానా కలూబా ఎడమ భుజం

రాగిగనుల ఊరు లువాన్షాలో పెళ్ళికూతుళ్ళకు కాపురం పాఠాలు చెప్పే ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు. అయినా కూతురికి పెళ్ళి కుదిరిందంటే తల్లులు ముందు పరుగెత్తేది బానా కలూబా ఇంటికే. కలూబా తల్లి కాబట్టి ఆ పిలుపు. అసలు పేరు ఆవిడే మరచిపోయి ఉంటుంది. ముప్పై ఏళ్ళలో రెండు వందల మందిని కాపురానికి పంపింది. మొక్కజొన్న పిండి ముద్ద న్షీమాను ఉండకట్టకుండా కలియబెట్టడం దగ్గర్నుంచి అత్తగారి ఎదుట మోకాళ్ళ మీద కూర్చోవడం దాకా ఆవిడ నేర్పని విద్య లేదు. ప్రతి పాఠానికీ ఒక మట్టి బొమ్మ, ప్రతి బొమ్మకూ ఒక పాట. అన్నిటిలోకీ ఆవిడకు ఇష్టమైనది మూత ఉన్న చిన్న కుండ. ఇంటి గుట్టు బయటపెట్టకూడదని చెప్పే బొమ్మ అది.

ఇక నాట్యం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎడమ భుజాన్ని కిందికి జార్చి, నడుము తిప్పుతూ ఆవిడ చాప మీదికి వస్తే డోలు కొట్టేవాళ్ళకే ఒళ్ళు ఊగుతుంది. ఆ జారుడు భుజం ఊరంతా పాకింది. బానా కలూబా భుజం రాకపోతే పెళ్ళికూతురు పరీక్ష తప్పినట్టేనని ఆడవాళ్ళు వేళాకోళమాడుతారు. ఆవిడ నవ్వి ఊరుకుంటుంది. పెళ్ళయిన నాలుగో ఏట, కూరలో ఉప్పు తగ్గిందని, గనిలో పనిచేసే ఆవిడ మొగుడు న్షీమా తెడ్డు విరిగేలా కొట్టాడు. తెడ్డు కొత్తది కొన్నారు. భుజం మాత్రం మళ్ళీ లేవలేదు. ఆ సంగతి ఆయనతో పాటే మట్టిలో కలిసిపోయిందని ఆవిడ ధీమా.

ఓ గురువారం చిసెంగా వచ్చింది. రెండేళ్ళ కిందట ఆవిడ దగ్గరే నేర్చుకున్న పిల్ల. చేతిలో సంచి, కంటి కింద వాపు. కాపురంలో తేడా వస్తే పుట్టింటికి కాదు, నేర్పినావిడ దగ్గరికే రావడం ఆ ఊరి పద్ధతి.

"ఏమైందే?"

"ఫోన్ ఎత్తలేదని."

"ఎత్తాల్సింది."

"చేతులకి పిండి ఉందమ్మా."

"మగాడన్నాక కోపం వస్తుంది, పోతుంది. కాస్త ఓర్చుకోవాలి. ఎల్లుండి కొత్త పెళ్ళికూతురు మ్వాబా వాళ్ళింట్లో వంటింటి వేడుక, నాకు సాయంగా ఉండు. ఆదివారం నేనే తీసుకెళ్ళి దిగబెడతా. వాడికీ నాలుగు చీవాట్లు పెడతా."

చిసెంగా తలూపింది. ఆ తలూపడం బానా కలూబాకు ఎందుకో నచ్చలేదు. కానీ ఓర్చుకోమన్నది రెండు వందల మందికి చెప్పిన మాట. ఇప్పుడు మారిస్తే వాళ్ళందరికీ ఏమని జవాబు చెప్పాలి?

శనివారం మ్వాబా వాళ్ళ పెరడు ఆడవాళ్ళతో కిక్కిరిసింది. పెళ్ళికూతురి కొత్త వంటింటికి బహుమతిగా వచ్చిన గిన్నెలు గోడ ఎత్తు పేరుకున్నాయి. "ఇది కాపురం చేస్తుందా, హోటల్ పెడుతుందా?" అంది మ్వాబా మేనత్త. డోలు మోగింది, బానా కలూబా చాప మీదికి వచ్చింది. చిసెంగా తన సంచి గోడవార పెట్టి, పెళ్ళికూతురు పక్కన నిలబడి అడుగులు నేర్పసాగింది.

"భుజం దించు. ఇంకా. అమ్మ భుజం చూడు."

పంతొమ్మిదేళ్ళ మ్వాబా నిటారు భుజం దించింది. చుట్టూ ఉన్న నలభై మందీ దించారు. గుమ్మంలో ఆడుకుంటున్న ఆరేళ్ళ ఆడపిల్లలు కూడా దించారు. బానా కలూబాకు నవ్వు రాబోయి ఆగింది. తన మొగుడి తెడ్డు దెబ్బను ఊరంతా ముచ్చటపడి నేర్చుకుంటోంది. నేర్పింది తనే. ఆవిడకు సిగ్గేసింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది.

చెయ్యెత్తి డోలు ఆపించింది.

"ఇది అడుగు కాదమ్మా. మా ఆయన తెడ్డుతో కొట్టాడు. ఎముక విరిగింది. అప్పట్నుంచి ఈ భుజం లేవదు. నాట్యమని చెప్పి మీ అందరికీ అంటగట్టాను."

ఆడవాళ్ళు ఒకరి భుజం ఒకరు చూసుకున్నారు.

"నేను అద్దం ముందు నిలబడి నేర్చుకున్నానే," అని మేనత్త గొణిగింది. కొందరు నవ్వారు, కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

"రెండు భుజాలూ పైకెత్తండి. నువ్వు డోలు కొట్టవే."

నలభై మందీ ఎత్తారు. మ్వాబా ఎత్తింది. చిసెంగా ఎడమ భుజం లేవలేదు.

బానా కలూబా దగ్గరికి వెళ్ళి ఆ భుజం మీద చెయ్యి వేసింది. పిల్ల పళ్ళు బిగించింది.

"మొన్న ఎందుకు చెప్పలేదే?"

"కుండ మూత తీయొద్దని మీరే కదమ్మా నేర్పింది."

చాప చివర వరుసగా పేర్చిన బొమ్మల్లోంచి ఆవిడ చిన్న కుండను అందుకుంది. మూత తీసేసి, కుండను మ్వాబా చేతిలో పెట్టింది. తర్వాత చిసెంగా సంచి తన కుడి భుజానికి తగిలించుకుంది.

"పద, ఆసుపత్రికి వెళ్దాం. రేపు నిన్ను దిగబెట్టడం లేదు."