ఎవ్వలూ నవ్వని సినిమా

మొదటిసారి చూసినప్పుడు ఆ సినిమా నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పిల్లల చేత చిన్న సినిమాలు ఎట్లా తీయించాలో నేర్పుతామని జనగామలో మా టీచర్లకు శిక్షణ పెట్టారు. మధ్యాహ్నం భోజనం కాగానే కిటికీలన్నీ మూసిన గదిలో కూర్చోబెట్టి అది వేశారు. పేరులేని ఏదో నగరం. సైరన్ మోగితే జనం లేస్తారు. అందరివీ ఒకే రకం బట్టలు. వరసలో నిలబడి గిన్నెల్లో ఏదో పోయించుకుంటారు. గోడలోంచి ఒక గొంతు నంబర్లు పిలుస్తుంది, పిలిచినవాళ్లు ఉన్నామంటారు. ఒకరోజు ఒక నంబరుకు జవాబు రాదు. ఆ మనిషి నిలబడే చోటు ఖాళీగా ఉంటుంది. పక్కవాళ్లు మెల్లగా జరిగి ఆ ఖాళీని పూడ్చేస్తారు. గొంతు తర్వాతి నంబరు పిలుస్తుంది. అంతే, అయిపోయింది.

"గిదేం సిన్మా? తలా తోకా లేదు" అన్నాను పక్కనున్న మా కంప్యూటర్ టీచర్‌తో. ఆమెది జనగామే, ఇంట్లో దక్కనీ మాట్లాడే ముస్లిం కుటుంబం. నాకంటే చిన్నది, నన్ను అక్కా అంటుంది.

"జర సబర్ చెయ్ అక్కా" అంది. నాకు ఓపిక ఎప్పుడుంది గనక! మా ఊరు చిట్యాలలో మా అమ్మ కూడా ఆ మాట అనీ అనీ అలసిపోయింది.

తర్వాత శిక్షకుడు అదే సినిమాను మధ్యమధ్యలో ఆపుతూ చూపించాడు. కెమెరా ఎప్పుడూ పైనే ఉంది, అందుకే మనుషులు చిన్నగా, ఏమీ చేతగానివాళ్లలా కనిపిస్తున్నారు. ఒక్క ముఖాన్నీ దగ్గరి నుంచి చూపించలేదు. సంగీతం లేదు, గిన్నెల చప్పుడూ అడుగుల చప్పుడూ తప్ప. రంగులు తీసేశారు. ప్రతి షాటూ ఇంచుమించు ఒకే నిడివి. చెబుతున్నకొద్దీ నాకు ఒళ్లు జలదరించింది. కత్తి లేదు, దయ్యం లేదు, నెత్తురు లేదు. మరి ఇంత భయం ఎక్కడి నుంచి వచ్చింది? మహబూబాబాద్‌లో రైలు దిగేదాకా అదే ఆలోచన.

నేను పనిచేసేది గూడూరు వైపున్న ఒక ఆడపిల్లల గురుకులంలో. తెలుగు చెబుతాను. ఆ వారమే తొమ్మిదో తరగతిని కంప్యూటర్ గదిలో కూర్చోబెట్టి ఆ సినిమా వేశాను. పిల్లలు బిక్కచచ్చిపోతారనుకున్నాను. అయిపోగానే వెనక నుంచి ఎవరో అన్నారు: "టీచర్, గిది మన హాస్టలే గద!"

క్లాసంతా గొల్లుమంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నవ్వులాటగ ఉన్నదా మీకు? మనుషులను గంత గోస పెడుతుంటే!" అని అరిచాను.

ముందు బెంచీలో కూర్చునే ఒక పిల్ల లేచింది. దగ్గరి తండా పిల్ల. వాళ్లింట్లో లంబాడీ మాట్లాడతారు, మాతో తెలుగు. "టైముకు బువ్వ పెడుతుండ్రు గద టీచర్. ఇండ్ల బుగులేమున్నది?" అని అడిగింది. వెక్కిరింత కాదు, ఇందులో భయమేముందని నిజంగానే అడుగుతోంది.

ఇట్లా అవుతుందేమోనని భయపడి ఊహించిన చెడ్డ లోకం ఇది అన్నాను. "నరకమా టీచర్?" అని ఇంకొకరు. నరకం కాదు, నరకానికి పాపం చేసినవాళ్లు పోతారు, వీళ్లు ఏ పాపమూ చేయలేదు అన్నాను. "మరి వీళ్లెందుకు పోయిండ్రు?" రేపు చెబుతానని తప్పించుకున్నాను. ఇప్పటికీ చెప్పలేదు.

రెండోసారి వేసి, భయం ఎట్లా పుట్టిస్తున్నారో మీరే పట్టుకోండి అన్నాను. పైనున్న కెమెరాను పట్టుకున్నారు, చప్పుళ్లను పట్టుకున్నారు, రంగులు లేకపోవడాన్ని పట్టుకున్నారు. ఆ తండా పిల్ల మాత్రం, "ఎవ్వలూ నవ్వరు టీచర్. బువ్వ తినే కాడ గూడ నవ్వరు" అంది. జనగామలో ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. నాకూ కనబడలేదు. భేష్ అని, ఇట్లాంటి సినిమా మనమూ తీద్దాం, కెమెరా నువ్వే పట్టు అన్నాను. ఆ పిల్ల ముఖం చూడాలి అప్పుడు!

పిల్లల దగ్గర ఫోన్లు ఉండనివ్వం కాబట్టి నా ఫోన్‌తోనే తీశారు. ఆ పిల్ల డాబా ఎక్కి పిట్టగోడ మీద మోచేతులు ఆనించి కింద వరసలను తీసేది. పొద్దున గంట, నల్లాల దగ్గర వరస, రెండు జడలు, రిబ్బన్లు, స్టీలు పళ్లాలు, హాజరు పిలుపు. కొత్తగా కల్పించింది ఏమీ లేదు, చివర ఒక నంబరుకు జవాబు రాకపోవడం తప్ప. తిప్పలంతా నవ్వుతోనే. నంబరు పిలవగానే ఎవరో ఒకరు కిసుక్కుమనేవాళ్లు, దాంతో వరసంతా ఆగమాగం. పైనుంచి ఆ పిల్ల "ఏయ్, నవ్వకుండ్రే!" అని అరిచేది. మళ్లీ తీసేవాళ్లు. నవ్వు పడిన ముక్కలన్నీ పక్కన పెట్టేశాం. మిగిలినవాటిని కంప్యూటర్ టీచర్ అతికించి, రంగులు తీసేసింది.

పూర్తయ్యాక వేసి చూశాం. నేను రోజూ తిరిగే వరండా అదేనా? నేను కేకలేసే పిల్లలు వీళ్లేనా? ఎర్ర రిబ్బన్లు బూడిద రంగులో ఉన్నాయి. పిల్లలేమో చప్పట్లు కొట్టుకుంటున్నారు, మస్తుగా వచ్చిందని. వాళ్లను చూసి సంతోషపడాలా, సినిమాను చూసి ఏడవాలా? మర్నాడు హాజరు పిలుస్తుంటే నా గొంతు నాకే గోడలోంచి వస్తున్నట్టనిపించి రిజిస్టరు మరొక టీచర్ చేతిలో పెట్టాను.

తల్లిదండ్రులు పిల్లలను చూడవచ్చే ఆదివారం నాడు ఆ సినిమా వేద్దామని ప్రిన్సిపాల్ మేడం ముచ్చటపడింది. భోజనాల హాల్లో వేశాం. తల్లులు తెర మీద తమ పిల్లలను వెతుక్కుంటూ, "అగో మా బిడ్డ! అగో చూడు!" అని గాయిగాయి చేశారు. ఆ గోలలో ఒక్కామె లేచి నిలబడింది. ఆ కెమెరా పిల్ల తల్లి. ఎప్పుడొచ్చినా గేటు పక్క వేపచెట్టు కింద కూర్చుని టిఫిన్ డబ్బాలో తెచ్చిన కోడికూర బిడ్డకు తినిపించి పోయేది. లోపలికి రావడం అదే మొదలు. ఎవరితోనూ లొల్లి పెట్టుకోలేదు. తిన్నగా పిల్లలు పడుకునే గదికి పోయి, బిడ్డ ట్రంకు పెట్టె నెత్తికెత్తుకుంది.

"యాడీ, అది సిన్మా! ఉత్త సిన్మా!" అని పిల్ల ఏడుస్తూ వెంటబడింది. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. తల్లి పిల్ల రెక్క పట్టుకుని గేటు దాటింది. నేను వెంట పరుగెత్తి ఏదో అన్నాను. ఏమన్నానో నాకే గుర్తులేదు. ఆమె వెనక్కి తిరగలేదు.

సోమవారం పొద్దున హాజరు పిలుస్తున్నప్పుడు డాబా మీదికి పోయాను. ఎందుకు పోయానో నాకే తెలియదు. కింద ఆ పిల్ల నంబరు పిలిచారు. జవాబు లేదు. పక్కపిల్ల ఒకడుగు జరిగి ఆ చోటులో నిలబడింది. తర్వాతి నంబరు పిలిచారు. ఎవరూ నటించడం లేదు, వరస సరిచేసుకోవడం రోజూ చేసే పనే. నేను మాత్రం వరస కదిలేదాకా పిట్టగోడ దగ్గరే ఉండిపోయాను.

"నీ సిన్మా పిచ్చి పాడుగాను, బంగారమసొంటి పిల్ల పోయె" అంది ప్రిన్సిపాల్ మేడం. ఆమె మాత్రం ఏం చేస్తుంది? అది మిరపకాయ ఏరే కాలం. ఒకసారి తోటకు అలవాటు పడ్డ పిల్ల మళ్లీ బడికి రావడం మేం పెద్దగా చూడలేదు. వచ్చే ఏడు పదో తరగతి. ఆ పిల్లను తోలుకు రాకపోతే చదువు అక్కడితో సరి.

కంప్యూటర్ టీచర్ స్కూటీ మీద తండాకు పోయాం. దారిపొడుగునా నేను సణుగుతూనే ఉన్నాను. "మనం తీసింది అబద్ధమా, నిజమా? అబద్ధమైతే గామె ఎందుకు భయపడె? నిజమైతే మనం పిల్లను ఎందుకు వాపసు రమ్మనాలె?"

"అక్కా, నీ పరేషాన్ తోని నా బండి గుంతల పడేటట్టున్నది. జర చుప్ కూర్చో" అంది ఆమె.

రేకుల ఇల్లు. ముందంతా మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి, అడుగు పెట్టగానే ఇద్దరికీ తుమ్ములు. పిల్ల గడపలో కూర్చుని ఉంది. పొద్దంతా కాయ తెంపిన చేతులు మండుతున్నాయేమో, ఒళ్లో పెట్టుకోకుండా గాలికి చాపి పట్టుకుంది. నన్ను చూసి లేచి నిలబడింది. తల్లి మంచం వాల్చి, చెంబుతో నీళ్లిచ్చింది.

నేను ఊరుకోవచ్చు కదా! జనగామలో విన్న పాఠమంతా ఆమెకు అప్పజెప్పాను. "కెమెరా పైన పెడితే మనుషులు చిన్నగ కనిపిస్తరు అక్కా. అదొక ఉపాయం, అంతే."

"నా పిల్ల చిన్నదే గద" అంది ఆమె.

మళ్లీ ఆమే అంది: "అందరి పిల్లలు అగుపడ్డరు టీచరమ్మా. తల్లులంత మురిసిండ్రు. నేను మొదటికెల్లి ఆఖరుదాక ఎతికిన. నా పిల్ల యాడ లేదు. ఆఖర్ల ఒకల్లను పిలిస్తె పలుకలే. పక్కపొల్ల వచ్చి ఆ జాగల నిలవడ్డది. నా పాణం ఎట్లయి ఉంటది?"

అప్పుడు గానీ నా మట్టిబుర్రకు తట్టలేదు. కెమెరా పట్టిన పిల్ల సినిమాలో ఎట్లా కనబడుతుంది? ఇన్నిసార్లు చూశాం, ముక్కముక్కగా చూశాం, ఆ సంగతి ఒక్కరికీ తోచలేదు. తల్లి ఒక్కతే చూసింది.

నవ్వు పడిందని పక్కన పెట్టిన ముక్కలు నా ఫోన్‌లోనే ఉన్నాయని గుర్తొచ్చింది. గబగబా తీసి ఆమె పక్కన కూర్చుని చూపించాను. పళ్లాలు పట్టుకుని పకపకలాడే పిల్లలు, ఎర్ర రిబ్బన్లు లాక్కునే పిల్లలు, అన్ని రంగులతో. ఆమె ముఖం మారలేదు.

"వీళ్లు నవ్వుతున్నరు, మంచిగనే ఉన్నరు. నా పిల్లేది?"

"సిన్మా తీసింది మీ పిల్లే అక్కా. తీసేటోళ్లు అండ్ల పడరు."

"గదే నేననేది. పడలే గద" అంది. ఇంకో ముక్క, ఇంకో ముక్క నొక్కుతూ పోయాను.

అన్నిటికంటే పనికిరాని ముక్క ఒకటి ఉంది. హాజరు పిలుస్తుంటే ఒక పిల్ల ఉన్నాననబోయి పెద్దగా తుమ్మింది. వరసంతా విరగబడి నవ్వింది. అంతలో బొమ్మ ఊగిపోయింది. పిట్టగోడ, ఆకాశం, మళ్లీ పిట్టగోడ. ఏమీ కనబడదు. ఫోన్‌కు అతి దగ్గరగా ఒక నవ్వు మాత్రం వినిపిస్తుంది. ఊపిరి అందక, ఆగి, మళ్లీ మొదలయ్యే నవ్వు.

ఆమె నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "మళ్లొక్కసారి పెట్టు" అంది. పెట్టాను. ఈసారి బొమ్మను చూడలేదు. ఎవరో ఫోన్ చేస్తే విన్నట్టు చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని విన్నది.

"ఇది మా పిల్లనే" అంది. తర్వాత, గడపలో నిలబడ్డ బిడ్డను చూస్తూ, "ఇంట్ల గిట్ల నవ్వంగ నేనెన్నడు ఇనలే" అంది. పిల్ల తల దించుకుంది. నేను కళ్లు తుడుచుకుంటే మిరపఘాటు అంటుకుని ఇంకా మండాయి.

వాళ్ల భాషలో ఆమె బిడ్డను ఏదో అడిగింది. పిల్ల ఏదో చెప్పింది. మా ఇద్దరికీ ఒక్క ముక్క తెలియదు. ఏమన్నదే మీ అమ్మ అని అడిగాను.

"రెండిట్ల ఏది నిజం అన్నది టీచర్."

"నువ్వేమన్నవ్?"

"రెండూ నేనే తీసిన గద అన్న."

అది జవాబేనా? తల్లికి సరిపోయినట్టుంది. నాకు సరిపోలేదు. ఈ మాట రాస్తున్నప్పుడు కూడా అదే అయోమయం. క్లాసులో ఆ సినిమా మళ్లీ వేస్తే ఏం చెప్పాలో నాకు తెలియదు.

ఆమె లోపలికి పోయి ట్రంకు పెట్టె తెచ్చి స్కూటీ పక్కన పెట్టింది. "తోల్కపోండ్రి" అంది. నా ఫోన్ మాత్రం ఇంకా ఆమె గుప్పిట్లోనే ఉంది. రెండో చేత్తో రవికలోంచి తన ఫోన్ తీసి కంప్యూటర్ టీచర్‌కు ఇచ్చింది. నొక్కే బటన్ల చిన్న ఫోన్. "గా నవ్వు ఇండ్ల ఎయ్యి" అంది.

కంప్యూటర్ టీచర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "దీంట్ల బొమ్మ రాదక్కా. ఉత్త గొంతే వస్తది."

"బొమ్మల యాడున్నది నా పిల్ల?" అంది ఆమె. "గొంతే ఎయ్యి."