పికప్‌కు నేను వేసిన నాలుగు గొట్టాలు

గనులు ప్రభుత్వం చేతికి వచ్చి కొన్నేళ్ళయ్యాక, ఒక వానాకాలం మొదట్లో, అప్పటికే ఏళ్ళుగా కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లో పనిచేస్తున్న నన్ను అక్కడి రవాణా గ్యారేజీకి అసిస్టెంట్ ఫోర్‌మన్‌గా వేశారు. నా పైన ట్రాన్స్‌పోర్ట్ ఇంజినీరు, నా కింద ఫిట్టర్లు, వెల్డర్లు, డ్రైవర్లు. ఏ బండి రోడ్డెక్కాలన్నా అది బాగుందని ఫిట్‌నెస్ కాగితం మీద నేను సంతకం పెట్టాలి. ఆ సంతకం చూసుకుని నాకు కాస్త గర్వంగానే ఉండేది, దాచడమెందుకు.

గ్యారేజీలో దొరల కాలం నాటి పికప్ ఒకటి ఉండేది. పొద్దున ఆరింటికి వర్క్‌షాపులో సాన పట్టిన, రాయి తొలిచే డ్రిల్ రాడ్లను ఎత్తుకుని, గనిలోకి దిగే షాఫ్టుల దగ్గర ఒక్కొక్కచోటా దించి, ఎనిమిదింటికి తిరిగి రావాలి. నేను చేరిన నెలకే దాని ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పగిలింది. ఇంజను నాలుగు సిలిండర్ల పొగనూ ఒకచోట చేర్చి సైలెన్సర్‌కు పంపే పోత ఇనుప భాగమది. విదేశీ బండి కాబట్టి స్పేరుకు ఇండెంటు పెడితే జవాబే రాలేదు. పగులుకు మూడుసార్లు వెల్డింగు వేయించాను, మూడుసార్లూ విచ్చుకుంది.

అప్పుడు నాకొక పాత విదేశీ మోటారు పత్రికలో బొమ్మ కనబడింది. పోత ఇనుప ముద్ద బదులు సిలిండరుకొక గొట్టం వేసి, నాలుగింటినీ కింద ఒక లావు గొట్టంలో కలుపుతారు. దాన్ని హెడర్ అంటారు. పొగ అడ్డం లేకుండా పోతుంది కాబట్టి ఇంజనుకు బలం వస్తుంది. ఇంజినీరును ఒప్పించి, పాత బాయిలరు నుంచి విప్పిన గొట్టాలు తెప్పించాను. వాటిలో ఎండిన ఇసుక దట్టించి, రెండు కొనలూ బిగించి, కొలిమిలో ఎర్రగా కాల్చి వంచాం. ఇసుక లేకపోతే వంపు దగ్గర గొట్టం నొక్కుకుపోతుంది. నాలుగు గొట్టాలు కలిసే చోటు మాత్రం వెల్డు చేయించలేదు. రిపేరుకు విప్పుకోవడానికి వీలుగా ఒకదానిలో ఒకటి దూర్చి క్లాంపు వేశాను. ఆ తెలివి నాదే.

రెండో గేరులో మూలుగుతూ ఎత్తు ఎక్కే బండి మూడో గేరులో ఎక్కేసింది. ఇంజినీరు పది మందిలో నా భుజం తట్టాడు. వారం రోజులు నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఆ బండి డ్రైవరు మునివెంకటప్ప. సొంతూరు క్యాసంబళ్ళి, కాపురం ఆండర్సన్‌పేటలో. నాకంటే పదేళ్ళు పెద్ద. బీడీ తప్ప వేరే అలవాటు లేదని అందరికీ తెలుసు. చలికాలం మొదలైన వారానికి అతను ఒక షాఫ్టులో దించాల్సిన రాడ్లు ఇంకో షాఫ్టులో దించి వచ్చాడు. రెండు రోజుల తరువాత గేటు ముందే బండి ఆపి, స్టీరింగు మీద తల వాల్చి పడుకున్నాడు. టైంకీపరు లేపితే మాట తడబడింది, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. డ్యూటీలో తాగి ఉన్నాడని టైంకీపరు రిపోర్టు రాశాడు. వెంటనే చార్జ్‌షీటు ఇచ్చి అతన్ని పక్కన పెట్టారు. సోమవారం ఎంక్వైరీ. నేరం రుజువైతే ఉద్యోగం పోతుంది.

బండిలో లోపమేమైనా ఉందా అని ఇంజినీరు నన్ను అడిగాడు. గ్యారేజీలో తలుపులు బార్లా తెరిచి, ఇంజను స్టార్టు చేసి, బ్రేకు, స్టీరింగు, క్లచ్ అన్నీ చూశాను. లోపమేమీ లేదని రాసి సంతకం పెట్టాను. మునివెంకటప్ప మీద ఉన్న కాగితాల్లో అన్నింటికన్నా బరువైనది అదే అయింది.

సాయంత్రం అతను నా దగ్గరకు వచ్చాడు. "నోట్లో చుక్క ఏసుకోలేదు సార్. బండెక్కేటప్పుడు బాగనే ఉంటాను. ఇంగ అర్ధగంట అయ్యేతలికి యాడికి పోతుండానో నాకే తెలీదు. నాకేమయిందో మీరైనా చెప్పండప్పా" అన్నాడు.

నాకు మాత్రం ఏం తెలుసు? తాగినవాడికి పొద్దెక్కేకొద్దీ దిగాలి. ఇతను ఆరింటికి శుభ్రంగా ఎక్కి ఎనిమిదింటికి తూలుతూ దిగుతున్నాడు, మధ్యాహ్నానికి మళ్ళీ మామూలు మనిషి. దారిలో ఎక్కడైనా తాగుతున్నాడా అని, సిగ్గు విడిచి చెబుతున్నాను, సీటు కింద సీసా కోసం వెతికాను. నూనె గుడ్డ, టిఫిను డబ్బా దొరికాయి. బీపీయేమో అని ఆస్పత్రికి పంపాను. మధ్యాహ్నం చూసిన డాక్టరు ఏమీ లేదన్నాడు. గనిలో పోయినవాళ్ళ గాలి సోకిందని ఒక ఫిట్టరు అన్నాడు. అతన్ని కసిరాను కానీ, దానికంటే మంచి కారణం నా దగ్గరా లేదు.

శుక్రవారం పొద్దున మునివెంకటప్ప బదులు వేసిన డ్రైవరు రాలేదు. రాడ్లు అందకపోతే షిఫ్టు ఆగుతుంది కాబట్టి నేనే ఎక్కాను. చలికి అద్దాలు రెండూ పైదాకా ఎత్తి, హుషారుగానే బయలుదేరాను. మొదటి షాఫ్టులో దించాను. రెండోదానికి వెళ్ళే కూడలికి వచ్చాక ఎటు తిరగాలో తోచలేదు. ఏళ్ళ తరబడి తిరిగిన దారి. ఎడమా, కుడా? ఆలోచించాను, ఆలోచన జారిపోయింది. తరువాత ఎవరో అద్దం మీద కొడుతున్న చప్పుడు. పాల క్యాను కట్టుకున్న సైకిలాయన. "ఏమప్పా, రోడ్డు మద్దెలో నిలిపేసినావే? ఒళ్ళు బాగలేదా?" అంటున్నాడు. నేను క్యాసంబళ్ళి రోడ్డులో ఉన్నాను. ఎలా వచ్చానో తెలియదు.

తలుపు తీసి దిగబోతే మోకాళ్ళు నిలవలేదు. రోడ్డు పక్కన వాంతి చేసుకున్నాను. నన్నిప్పుడు ఎవరైనా చూస్తే తాగాననుకుంటారు అన్నది నాకు వచ్చిన మొదటి ఆలోచన. భయమేసింది. చల్లగాలికి కాసేపు కూర్చున్నాక రెండో ఆలోచన వచ్చింది. తల పగిలిపోయేంత నొప్పి, మోకాళ్ళు సడలడం, బుద్ధి మందగించడం. గనిలో మంటలు లేచినప్పుడు పుట్టే విషవాయువు లక్షణాలుగా మా రెస్క్యూ స్టేషనులో ప్రతి ఉద్యోగికీ నేర్పే పాఠమిది. కార్బన్ మోనాక్సైడ్. నేను ఆ పరీక్ష మంచి మార్కులతో పాసయ్యాను. భూమి లోపల దాని కోసం ప్రతి అడుగూ పరీక్షించే మాకు, భూమి మీద మా బండిలోనే అది ఉండవచ్చని తోచలేదు. పెట్రోలు ఇంజను పొగలోనూ ఉండేది అదే.

అద్దాలు దించుకుని తిన్నగా రెస్క్యూ స్టేషనుకు వెళ్ళాను. గనిలో ఆ వాయువును పసిగట్టడానికి అక్కడ పంజరాల్లో చిన్న పిట్టలను పెంచేవారు. మనిషికంటే ముందు పిట్ట తూలుతుంది. స్టేషను సూపరింటెండెంటు ఒక పంజరం బండి సీటు మీద పెట్టించాడు. అద్దాలు మూసి, ఇంజను స్టార్టు చేశాం. పది నిమిషాలు గడిచినా పిట్ట హాయిగా తిరుగుతోంది. నాకు మళ్ళీ అయోమయం. ఆయన మాత్రం, బండి ఊరికే నిలబడి రాడ్లు మోయదు కదా, ఇంజనును గట్టిగా తిప్పమన్నాడు. తిప్పించాం. కాసేపటికి పిట్ట కొయ్య మీద నుంచి కింద పడింది. గాలిలోకి తెస్తే తేరుకుంది.

బండి కిందికి దూరి చూశాను. వెల్డు చేయించకుండా నేను క్లాంపు వేసిన అతుకు, వేడికీ కుదుపుకీ వదులైంది. సరిగ్గా దాని పైన, క్యాబిను నేలలో హ్యాండ్‌బ్రేకు తీగ దూరే రంధ్రం ఉంది. దాని రబ్బరు ఎప్పుడో ఊడిపోయింది. చలికి అద్దాలు మూసినప్పుడే అందులోంచి వచ్చిన పొగ క్యాబినులో నిలిచేది; బదులు డ్రైవరు అద్దాలు దించుకునే తోలాడట. పాత మానిఫోల్డు పొగను ముందువైపే దించేది కాబట్టి అన్నేళ్ళూ ఆ రంధ్రం ఎవరికీ చేటు చేయలేదు. పొగను దాని కిందికి తెచ్చినవాణ్ణి నేను.

నేల రేకు పాతదై పాడయిందని రాస్తే చాలునని, నా పని ప్రస్తావన అక్కరలేదని ఇంజినీరు మెల్లగా సలహా ఇచ్చాడు. ఆయన నా మంచికే చెప్పాడు. అలా రాస్తే మునివెంకటప్ప తాగలేదని తేలకుండా అనుమానం మీదే బయటపడతాడు, నా పేరూ నిలుస్తుంది. ఒక పూట ఊగిసలాడాను. చివరికి హెడరు అతుకు నా తప్పని, ముందు ఇచ్చిన ఫిట్‌నెస్ కాగితం చెల్లదని రాసి ఇచ్చాను. సోమవారం చార్జ్‌షీటు కొట్టేశారు. నాకు మెమో వచ్చింది.

ఎంక్వైరీ నుంచి బయటికి వచ్చాక మునివెంకటప్ప థాంక్స్ చెప్పలేదు. "మా ఇంటామె కూడా నమ్మలేదు సార్. మీరొకతూరి వచ్చి చెప్పండి" అన్నాడు. ఆ సాయంత్రమే ఆండర్సన్‌పేటకు వెళ్ళాను. అతని భార్య ఎల్లమ్మ గడపలో నిలబడి అంతా విన్నది. గొట్టం, అతుకు, రంధ్రం, పిట్ట, అన్నీ చెప్పాను.

"ఆ కాగితం రాసే ముందర ఒక్కతూరన్నా ఆ బండెక్కి చూసినారాప్పా?" అని అడిగింది.

"లేదమ్మా" అన్నాను.

ఆమె తల దించుకుంది. "ఆయప్ప ఒట్టేసి చెప్తే నేనూ ఇనలేదు. మీ కాగితాన్నే నమ్మినాను" అంది.

ఆ తరువాత రిటైరయ్యేదాకా, డ్రైవరు సీట్లో కూర్చుని, అద్దాలు మూసి, బరువుతో అరగంట తిరగకుండా ఏ బండికీ సంతకం పెట్టలేదు. ఇంజను బాగుందా అన్నది ఒక పరీక్ష, అందులో కూర్చున్న మనిషి బాగుంటాడా అన్నది ఇంకొకటి. నేను మొదటిది చేసి, రెండింటికీ సంతకం పెట్టాను.