రెంటచింతల దారిలో, మిరపకోతల పాట కోసం

"అమ్మమ్మ గొంతు ఎలా ఉండేది?" అని పోయిన నెల మా అమ్మాయి అడిగింది. వెంటనే రెండు పాదాలు పాడి వినిపించాను.

"ఎండ వాలిందే చెల్లీ, ఎర్ర చేలల్లో
బండి రాదేందే చెల్లీ, బాట మలుపుల్లో"

మిరపకోతల్లో అమ్మ పాడేదీ పాట. నాకు ఆరేళ్ళప్పుడు అమ్మ జ్వరంతో పోయింది. నాన్న నన్ను నరసరావుపేటలో మేనత్త ఇంట్లో ఉంచాడు. అమ్మ ఫోటో ఒకటుంది కానీ, గొంతు మాత్రం ఈ రెండు పాదాల్లోనే మిగిలింది. అమ్మతో కోతలకు వెళ్ళిన మరియమ్మ ఇంకా రెంటచింతల దగ్గర మా పాత ఊళ్ళోనే ఉందని తెలిసి, మిగతా పాట నేర్చుకుందామని బయలుదేరాను.

నరసరావుపేటలో ఉదయం ఆరింటికి మాచర్ల ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్టు ఉచితం. పిడుగురాళ్ళ దాటాక దాచేపల్లి దగ్గర సిమెంటు లారీల వెనక చాలాసేపు నిలిచిపోయాం. కిటికీ మూసినా దుమ్ము పళ్ళ కింద కరకరలాడింది. గురజాల మీదుగా రెంటచింతల చేరేసరికి పది దాటింది. ఎండ అప్పటికే నెత్తిన మండుతోంది. అక్కడి నుంచి మా ఊరికి షేర్ ఆటో, ముప్పై రూపాయలు.

"ఎవురింటికి మేడమ్?" అన్నాడు డ్రైవరు.

"మరియమ్మ ఇంటికి. పాటలు పాడేది, ఆమె."

"ఇప్పుడేం పాడుద్దండీ, దగ్గే సరిపోద్ది" అన్నాడు.

కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఘాటుకు ముక్కు మండింది. మరియమ్మ వసారాలో నులక మంచం మీద కూర్చుని ఉంది. పక్కన కోడలు మిరపకాయల తొడిమలు తీస్తోంది.

"పెద్దమ్మా, నేను వెంకాయమ్మ కూతుర్ని."

ఆమె నా చేయి పట్టుకుని కళ్ళు చికిలించి చూసింది. "వెంకాయమ్మ బిడ్డవా! అమ్మ పోలికేం రాలేదే నీకు. అంతా మీ నాయనే."

ఫోన్లో రికార్డింగు పెట్టి, నాకు తెలిసిన రెండు పాదాలూ పాడాను. ఆమె పెదాలు కదిలాయి. మెల్లగా అందుకుంది.

"దీపమెట్టే యేళ దాటిపాయెనే చెల్లీ
పాప నిదరోయింది పైట కొంగుల్లో"

గొంతు జీరబోయింది, మధ్యలో తెగిపోతోంది. అయినా 'చెల్లీ' దగ్గర ఆమె సాగదీసిన తీరు విని ఫోన్ ఇంకా దగ్గరికి జరిపాను. ఇన్నేళ్ళుగా నా చెవుల్లో ఉన్నది అదే.

"అమ్మ కూడా అచ్చం నీలాగే పాడేది కదా పెద్దమ్మా?"

"మీ అమ్మా?" ఆమె ఆశ్చర్యపోయింది. "మీ అమ్మ పాడంగా నేనెప్పుడూ ఇనలేదు తల్లీ. సాలు పట్టిందంటే తలెత్తేది కాదు. నిన్ను గట్టు మీద ఉయ్యాల్లో పండేసి, నన్ను పాడమనేది."

కోడలు మంచినీళ్ళ చెంబు నా ముందు పెట్టింది.

"నేను ఆపితే ఊరుకునేది కాదు" అంది మరియమ్మ. "'ఏమే, ఆపావేంది? పిల్ల లేచిద్ది' అనేది."

"ఎట్లా అనేది పెద్దమ్మా? గట్టిగానా, మెల్లగానా? ఒక్కసారి ఆమెలాగే అను."

ఆమె అనబోయింది. దగ్గు తెర వచ్చింది. తగ్గాక తల అడ్డంగా ఊపింది. "గుర్తు లేదమ్మా. చానా ఏళ్ళయిపోయింది."

సాయంత్రం బస్సులో ఆ రికార్డింగు వినబోయి ఆపేశాను. అమ్మ పోయినప్పుడు ఏడ్చినట్టు నాకు గుర్తు లేదు. ఈసారి పిడుగురాళ్ళ దాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకునే కూర్చున్నాను. నలభై ఏళ్ళుగా అమ్మదనుకుని దాచుకున్న గొంతు, అమ్మ నాకోసం మరియమ్మను అడిగి పాడించిన గొంతు. దాన్ని పోగొట్టుకున్నట్టా, దొరికినట్టా అన్నది ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. అమ్మ అన్న మాట ఒకటి చేతికొచ్చింది. దాన్ని ఏ గొంతుతో అనుకోవాలో మాత్రం తెలియడం లేదు.

పల్నాటి ఊళ్ళలో పాత పాటల కోసం వెళ్ళాలనుకుంటే మిరపకోతలు మొదలవకముందే వెళ్ళండి. కాయలు కళ్ళాల్లోకి వచ్చాక ఆ ఘాటుకు ముసలి గొంతులు రెండు పాదాల దాకా కూడా నిలవవు.