పొన్నుత్తాయి ముఖం

మా అన్న కూతురు అభిరామి కోయంబత్తూరులో మీడియా టెక్నాలజీ ఎం.ఎస్సీ. చదివింది. ఏం చదువే అది అని అడిగితే "కంప్యూటర్‌లో బొమ్మలు, అత్తా" అని ఒక్క ముక్కలో తేల్చేసేది. అంతకన్నా ఎక్కువ చెప్పినా నా బుర్రకెక్కదని దాని నమ్మకం. ఆ నమ్మకం తప్పేం కాదు. కానీ దాని థీసిస్‌లో నా గడ్డం కూడా ఉంది, అందుకని ఈ సంగతి చెప్పే హక్కు నాకుంది.

ఒక్క ఫొటో కూడా లేకుండా పోయినవాళ్ల ముఖాన్ని, వాళ్ల రక్తసంబంధీకుల ముఖాలు కలిపి కంప్యూటర్‌లో తయారు చేయడం, అదీ దాని థీసిస్. ఎవరి ముఖం అని వెతుక్కోవాల్సిన పని దానికి లేకపోయింది.

వాడిపట్టిలో మా అమ్మ చెన్నమ్మాళ్‌కు ఒక అక్క ఉండేది, పొన్నుత్తాయి. పదహారేళ్లకు కామెర్లు వచ్చి పోయింది. పెళ్లికాకుండా పోయిన ఆడపిల్ల, అరవనాట స్థిరపడిన మా తెలుగువాళ్లలో, ఆ ఇంటి కన్నిసామి అవుతుంది. కన్నిసామికి గుడి ఉండదు, విగ్రహం ఉండదు. దూలానికి వేలాడే తాటాకు పెట్టెలో ఆమె పావడ ఉంటుంది. ప్రతి ఆడిమాసం, అంటే ఆషాఢంలో, పెట్టె దించి, ఆమెను పేరుపెట్టి పిలిచి, కొత్త పావడ పెట్టి, పాతది ఇంట్లో ఆడపిల్లకు కట్టిస్తాం. మా అమ్మకు అన్నదమ్ములు లేరు, మా నాన్న ఇల్లరికం వచ్చాడు. అలా పెట్టె మా ఇంట్లోనే ఉండిపోయింది. ఆమెకు బొమ్మ ఉండకూడదని ఎవరూ చెప్పలేదు, ఉండాలని ఎవరికీ తోచలేదు.

మా అమ్మకు తప్ప. అక్క ఆమెకు తరచూ కలలో వచ్చేది. చేనుగట్టు మీద ముందు నడిచేది. జడ, వీపు మాత్రమే కనపడేవి. "బిన్న రాయే చెన్నీ, పొద్దు పోతా ఉండాది" అని తొందరపెట్టేది. ముఖం మాత్రం తిప్పేది కాదు. తిప్పడానికి మా అమ్మకు ఆ ముఖం గుర్తుంటే గదా. "కూడబుట్టినదాని మొగమే మరిచిపోతిని. నేనేం మనిషినే" అని పొయ్యి దగ్గర కూర్చుని కళ్లు తుడుచుకునేది. చచ్చేలోగా ఒక్కసారి ఆ ముఖం చూడాలన్నదే ఆమె కోరిక.

అభిరామి వచ్చి "అవ్వా, నీ అక్క మొగం నేను చూపిస్తాను" అంది. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టయింది మా అమ్మకు.

మా ఇంటి ఆడవాళ్లందరినీ గోడకు నిలబెట్టి ఫొటోలు తీసింది అభిరామి. జన్మలో ఎవరూ మెచ్చుకోని నా గడ్డం పొన్నుత్తాయికి సరిగ్గా సరిపోయిందట. ఇంత చదువూ చదివి కొండను తవ్వి ఎలుకను పట్టావా అని వేళాకోళం చేశాను. దాని గైడు సుందరమూర్తి గారు మాత్రం ఫోన్లో తేల్చి చెప్పారట: ఆమెను కళ్లారా చూసినవాళ్లు అవునంటేనే థీసిస్, లేకపోతే అందమైన బొమ్మ. అలా చూసినవాళ్లలో ఇంకా బతికున్నది మా అమ్మ ఒక్కతే.

అరుగు మీద లాప్‌టాప్ పెట్టి, మనవరాలు ముక్కు దించేది, నుదురు పెంచేది. అవ్వ చూసేది. మొదట్లో "అక్కకు చిన్న కండ్లు" అంది. రెండు మూడు రోజులు ఆ బొమ్మ ముందే కూర్చున్నాక, "ఇంత కండ్లే, ఆల్చిప్పలు" అంది.

"మొన్న చిన్నవి అంటివే అమ్మా" అన్నాను.

"నువ్వేమన్నా చూసినావా? నాకు జ్ఞాపకం వస్తా ఉంటే నడమ నడమ మాట్లాడొద్దు" అంది.

అభిరామి నా వైపు చూసి, చూపు తిప్పేసుకుంది. దానికి అర్థమైంది. నాకూ అర్థమైంది. ఇద్దరం నోరు మూసుకున్నాం. ముసలిది అంత సంతోషంగా ఉంటే ఎవరికి నోరొస్తుంది? చివరికి మా అమ్మ తెర మీద అరచెయ్యి పెట్టి "ఇదే. ఇది మా అక్కే" అని ఏడ్చింది. అదంతా అభిరామి వీడియో తీసింది. వైవాలో పరీక్షకులు దాన్ని రెండోసారి వేయించుకుని చూశారట. అభిరామి మంచి మార్కులతో గట్టెక్కింది. బొమ్మకు ఫ్రేము కట్టించి పెట్టె కింద గోడకు తగిలించాం.

ఆ తర్వాత మా అమ్మ కలల ఊసెత్తడం మానేసింది. మనసు కుదుటపడిందనుకున్నాం.

ఆడిమాసం వచ్చింది. పావడ తెమ్మని ఎప్పుడూ నాకు చెప్పే అమ్మ, ఈసారి అభిరామికే ఫోన్ చేసి "రెండు తే" అంది. అది కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలో రెండు కొనుక్కొచ్చింది. పెట్టె దించాం. మా అమ్మ ఒకటి తీసి, "పొన్నుత్తాయీ, అక్కా, కట్టుకో" అని లోపల పెట్టింది. రెండోది ఒళ్లో పెట్టుకుంది.

"అది ఎవురికి అవ్వా?" అంది అభిరామి.

అమ్మ గోడ మీది బొమ్మను చూపించింది. "దానికి."

"అదే గదా నీ అక్క."

"కాదు అమ్మీ. ఫొటో గోడకు మాట్టిన దినమే కలలో ఈ పక్కకు తిరిగె. ఈ మొగమే. అక్కా అంటిని. పలకలా. అక్క మాట్లాడకుండా ఉంటుందా? అప్పుటినుంచి గట్టు మీద ఇదే నిలబడుకొనుండాది. మా అక్క వచ్చేదే లేదు. నన్ను బిన్న రా అనేదానికి ఎవురూ లేరు."

"తప్పు నాదే అవ్వా. తీసేస్తాను" అని అభిరామి లేచి ఫ్రేము మీద చెయ్యి వేసింది.

"తీస్తే అది యాడికి పోతుంది? దానికి ఇల్లుందా, అమ్మ ఉందా? నీ పేరేమి అంటే మిట్టమిట్ట చూస్తుంది. నువ్వు చెప్పు, ఎవురు అది?"

"ఎవురూ కాదు అవ్వా. మన ఇంటోళ్ల మొగాలన్నీ కలిపితిని. అంతే."

"అయితే మన ఇంటి బిడ్డే."

మా అమ్మ గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. చుట్టపుపిల్లకు అన్నం పెట్టమన్నట్టు మాట్లాడుతోంది. రెండో పావడ మడత విప్పి, రెండు చేతులతో పెట్టె మీదికి పట్టుకుంది.

"పేరు పిలవకుండా పెట్టగూడదు. దాన్ని కన్నది నువ్వు. పేరు నువ్వే పెట్టాల."

వైవాలో అడిగిన ప్రతిదానికీ తడుముకోకుండా చెప్పిన పిల్ల, గోడకు ఆనుకుని నిలబడిపోయింది. పట్టుకుని పట్టుకుని మా అమ్మ చేతులు కిందికి వాలసాగాయి. నేను అందుకోబోతే వద్దని తల ఊపింది.

"పిలువు అమ్మీ" అంది. "పావం, శానా దినాలుగా కాచుకొనుండాది."